మాండొలిన్ మీద గాజుల గీతలు

మా మేనత్త పోయిన సంగతి నాకు హైదరాబాదులో, హాస్టల్ వార్డెన్ టేబుల్ మీది ఫోన్లో తెలిసింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. బస్సు పట్టుకుని నేను జహీరాబాద్ చేరేసరికి అత్తను దుకాణం ముందు అరుగు మీద పడుకోబెట్టారు. ఆఖరి స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. ఆడవాళ్ల మధ్య ఏదో తగువు నడుస్తోంది. తీరా చూస్తే అది అత్త చేతులకున్న గాజుల గురించి.

"మొగడు పోయి ఎన్నేండ్లాయె, ఇంకా ఈ గాజులేంది? తీసెయ్యుండ్రి" అంటూ మా పెద్దమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. గోడకు ఆనుకుని కూర్చున్న మా నాన్న తల ఎత్తాడు.

"చెయ్యి తియ్యి వదినె. అవి మొగని కోసం ఏసుకున్నయి కావు, మాండొలిన్ కోసం ఏసుకున్నయి."

పెద్దమ్మ చెయ్యి తీసింది గానీ, ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. ఊళ్లో చాలామందికి ఇప్పటికీ కాలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ "పాపం, అన్న నీడన బతికింది" అని పోయారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఎవరి నీడన ఎవరు బతికారో తేలాలంటే ముందు మా దుకాణం గురించి చెప్పాలి.

బస్టాండు దగ్గర, బొంబాయి రోడ్డు మీద మాది వాద్యాల దుకాణం. భజన మండళ్లకు హార్మోనియంలు, పెళ్లి బ్యాండుకు డోళ్లు, ఖవాలీ పార్టీలకు తబలాలు అమ్మేవాళ్లం. వాటితో ఇల్లు గడిచేది, అంతే. నాలుగు డబ్బులు మిగిలేది మాత్రం చేత్తో చేసిన పాత మాండొలిన్ల మీద. బొంబాయిలో పని దొరకని వాద్యగాళ్లు అమ్ముకున్నవి కొన్ని, మోజు తీరిన షావుకారు పిల్లలు వదిలేసినవి కొన్ని లారీ డ్రైవర్ల బొంతల్లో చుట్టుకుని మా దుకాణం ముందు దిగేవి. వాటిని నాన్న కొని, బాగు చేయించి, హైదరాబాదు ఆర్కెస్ట్రాల వాళ్లకూ బీదరు, గుల్బర్గా నుంచి వచ్చేవాళ్లకూ అమ్మేవాడు. అల్లం పంట మంచి ధర పలికిన ఏడు మా చుట్టుపక్కల ఊళ్ల రైతు కొడుకులు కూడా వచ్చేవారు. మరుసటి ఏడు అల్లం కుళ్లితే అదే మాండొలిన్ మళ్లీ మా దగ్గరికే వచ్చేది.

ఈ బేరంలో ఒక కిటుకుంది. వాయించకుండా మూలన పడేసిన మాండొలిన్ గొంతు పూడుకుపోతుంది. ఎంత మంచి చెక్కతో చేసినా డబ్బా మోగినట్టు మోగుతుంది. రోజూ ఒక మంచి చెయ్యి పడితే నెలల మీద, ఏళ్ల మీద ఆ గొంతు తెరుచుకుంటుంది. అప్పుడు దాని ధర రెట్టింపు. మా దుకాణంలో ఆ చెయ్యి మా అత్తది.

దుకాణం వెనక గదిలో అత్తా మామా ఉండేవారు. మామయ్య హార్మోనియంలు బాగు చేసేవాడు. ఆయన తీగలు బిగించి పెట్టిన మాండొలిన్లను సరిచూడటానికని మొదలుపెట్టి, అత్త తనంతట తానే వాయించడం నేర్చుకుంది. విరిగిన దువ్వెన ముక్కతో మీటేది. మాండొలిన్‌కు తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. జంటలో రెండూ ఒకే శ్రుతిలో పలకాలి. చెవి ఆనించి, మరమేకు తిప్పుతూ, "ఈ మొగుడు పెండ్లాలకు పొద్దటి సంది పడ్తలేదు" అనేది. పడ్డాక "ఆ, ఇగ కాపురం జేసుకోండ్రి" అని వదిలేసేది. పక్కనే పని చేసుకుంటున్న మామయ్య నవ్వేవాడు. వంట అయ్యాక, మధ్యాహ్నమంతా వాయించేది. ముందు కొట్లో ఎవరైనా అడిగితే నాన్న "బొంబాయి ఉస్తాద్ చేతిలో మూడేండ్లున్న బాజా" అని చెప్పేవాడు. ఆ ఉస్తాద్ తెర వెనక పెసర్లు చెరుగుతూ ఉండేది.

ఒకసారి బీదరు నుంచి వచ్చిన ఆసామి మాండొలిన్ పైఅంచు మీద వేలు పెట్టి రాసి చూశాడు. కుడి ముంజేయి ఆనే చోటు అది. మగవాడు వాయిస్తే అక్కడ చెమటకు నునుపు తేలుతుంది. దీని మీద వెంట్రుకల్లాంటి సన్నని గీతలున్నాయి. గాజులు రాసుకున్న గీతలు. ఆయన ఇంకేమీ అడగకుండా ధర సగం చేశాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న, వాయించేటప్పుడు గాజులు తీసి పక్కన పెట్టమన్నాడు. నాయనమ్మ కంచం ముందు నుంచి లేచింది, ముత్తైదువ చేతులు బోడిగా పెట్టమంటావా అని. ఆఖరికి నాన్న తన పాత సాక్సు ఒకటి తెచ్చి, మునివేళ్ల వైపు కత్తిరించి ఇచ్చాడు. గాజుల మీదుగా అది తొడుక్కుని అత్త ఏళ్ల తరబడి వాయించింది. చిన్నప్పుడు నాకది నవ్వులాట. కాలేజీకి వెళ్లాక ఆ సాక్సు చూస్తే ఒళ్లు మండేది. నేను ఏదో అనబోతే అత్త, "ఊకో బిడ్డ, చెయ్యన్న వెచ్చగుంటది" అనేది.

తర్వాత మామయ్య జ్వరం వచ్చి పోయాడు. గాజులు పగలగొట్టారు. ఏడాది గడవకముందే అత్త మళ్లీ మాండొలిన్ పట్టింది. ఒకరోజు నాన్న వెనక గదిలోకి వచ్చి, ఆమె ఒళ్లోని వాద్యాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. అద్దంలా ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. చెల్లెలి దుఃఖం ఆయనకూ ఉంది. కానీ బేరగాడి నోరు ముందు మాట్లాడింది.

"ఇగ ఆ సాక్సుతోని పనిలేదు, చెల్లె."

 సంత నాడు అత్త నన్ను వెంటబెట్టుకుని, మేమంతా ఖాలా అని పిలిచే గాజులావిడ దగ్గరికి పోయింది. ఖాలా చెయ్యి చూసి, ముఖం చూసి, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు ఎక్కించింది. ఇంటికి వస్తుంటే వీధంతా చూసింది. నాయనమ్మ రెండు పూటలు తిండి మానేసింది. నాన్న అరిచాడు. అరుపు అయిపోయాక అత్త నెమ్మదిగా చెప్పింది.

"ఆయన తెచ్చినయి ఆయనతోనే పోయినయి, అన్న. ఇవి నేను కొనుక్కున్న. నేను వాయించినట్టు ఆనవాలు ఉండాలె గద."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక యుద్ధం. నాన్న పాలిష్ మనిషిని పిలిపించి గీతలు కనపడకుండా చేయించేవాడు. పాలిష్ ఆరగానే అత్త దాన్ని ఒళ్లో పెట్టుకుని, గీతలు మళ్లీ తేలేదాకా వాయించేది. పాలిష్ మనిషి ఒక్కడే బాగుపడ్డాడు.

యుద్ధం తేలిన రోజు నేను అక్కడే ఉన్నాను. హైదరాబాదు నుంచి పేరున్న ఆర్కెస్ట్రా వాద్యగాడు ఒకాయన వచ్చాడు. మా కొట్లోకెల్లా ఖరీదైన మాండొలిన్ తీసి, కళ్లు మూసుకుని చాలాసేపు వాయించుకున్నాడు. ఇది ఎవరి చెయ్యి అన్నాడు. నాన్న "బొంబాయి..." అని మొదలుపెట్టాడు. తెర తొలిగింది.

"నాది" అంది అత్త.

ఆయన లేచి నిలబడి సలాం చేశాడు. ఎగతాళికి కాదు, నిజంగానే. ఆ తర్వాత మునివేళ్లతో పైఅంచు తడిమి, ధర సగం చెప్పాడు.

"ఆవాజ్ మస్తున్నదమ్మా, నేను కాదంటలేను. గని రేపు నాకు పైసల తంగి వస్తే దీన్ని అమ్ముకోవాలె. అప్పుడు కొనేటోడు ఈ గీతలు జూసి జనానా బాజా అంటడు, ఆడోళ్లది అని పక్కకు వెడ్తడు. నా ఫికర్ అది."

నేను ఎకనామిక్స్ చదివాను. ఆ బేరంలో ఉన్న మాయ నాకు అప్పుడు కనిపించింది. ఆడదాని చెయ్యి తక్కువ అని ఆ కొట్లో నిలబడ్డవాళ్లెవరూ అనలేదు. బీదరు ఆసామి కూడా అనలేదు. నాన్నా అనలేదు. అందరూ భయపడేది రేపొచ్చేవాడికి. ఆ రేపొచ్చేవాణ్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

అత్త మాండొలిన్‌ను ఆయన చేతుల్లోంచి మెల్లగా తీసుకుంది.

"ఆ రేపొచ్చేటోన్ని జర నా తానకు తోలు, సాబ్. వానితోనే మాట్లాడుత."

ఆయన నవ్వాడు, మాండొలిన్ వంక మరోసారి చూశాడు, వెళ్లిపోయాడు. నాన్న గల్లాపెట్టె మీద తల పెట్టుకున్నాడు. దుకాణం దాని వల్ల నష్టపోయింది, అది దాచను. ఎవరి చెయ్యి అని అడిగితే నాన్న ఇక బొంబాయి పేరెత్తలేదు. అలాగని చెల్లెలి పేరూ చెప్పలేకపోయాడు. ఆమె వైపు చూసేవాడు. సగం ధరకు ఆమె ఇవ్వలేదు. పూర్తి ధరకు కొన్నవాళ్లు కొద్దిమందే. "నీ గాజులు నాకు బంగారం కన్న పిరమైనయి" అని ఆయన గొణిగితే, "బంగారువి కొనియ్యమని నేనడిగిన్నా" అనేది.

ఆమె పోయిన వారానికే ఒక బేరగాడు వచ్చాడు. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్లు లేరు కదా, మిగిలినవి పాలిష్ కొట్టించి బొంబాయివని అమ్ముదాం అన్నాడు. నాన్న అతనికి చాయ్ కూడా చెప్పలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో, మీ గుడి భజనలో, మీ చర్చి పాటల్లో, ఏ ఆర్కెస్ట్రా పెట్టెలోనో చేతులు మారి వచ్చిన పాత మాండొలిన్ ఉంటే, పైఅంచు ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి. సన్నని గీతలుంటే పాలిష్ చేయించకండి. దాని గొంతు తెరిచింది ఎవరో అక్కడ రాసి ఉంది.

హైదరాబాదు ఆయన వెళ్లిపోయిన మర్నాడు అత్త తన పీటను వెనక గదిలోంచి తెచ్చి అరుగు మీద, రోడ్డు వైపు వేసుకుంది. అటు తర్వాత పోయేదాకా అక్కడే వాయించింది. ఒక మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. బీదరు బస్సు నిండిపోయి, ఇంజను నడుస్తుండగా, దుకాణం ఎదుట ఆగి ఉంది. కండక్టర్ గంట తాడు పట్టుకున్నాడు గానీ లాగలేదు. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. అత్త ఎవరినీ చూడలేదు. పాట మధ్యలో ఆపి, ఒక తీగకు చెవి ఆనించి, మరమేకు కొద్దిగా తిప్పి, మళ్లీ మొదటి నుంచి అందుకుంది. డ్రైవర్ ఇంజను ఆపేశాడు.