జీడిపప్పు ప్రయాణికులు

పలాసను ఆనుకునున్న కాశీబుగ్గలో గుమాస్తాగా రిటైరైన మా ఫణిశంకర్ గారికి బొమ్మ రైళ్ల పిచ్చి. ఈమధ్య బోగీలన్నిటికీ వడ్లగింజంత బల్బులు బిగించారు. పట్టాల్లోని కరెంటు చక్రాల గుండా బల్బులకు అందాలి. బోగీలేమో మరీ తేలిక. మలుపు దగ్గర చక్రాలు ఎగిరిపడి, లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉండేవి. ఆ కోపమంతా ఆయన భార్య వసుంధర మీద చూపించేవారు.

చివరికి ఆవిడకే విసుగొచ్చింది. "నిజం రైల్లో జనం ఉంటారు. మీ బోగీలు ఖాళీ, అందుకే ఎగురుతన్నాయి" అంటూ, పాయసానికని ఉంచిన జీడిపప్పు తెచ్చి బోగీల నిండా పోసింది. పలాసలో చేతికి అంతకంటే ముందు దొరికేదేముంది!

లైట్లు నిలకడగా వెలిగాయి. ఫణిశంకర్ గారు ఇరుగుపొరుగును పిలిచి రైలు నడిపి చూపించి, ఆ ఉపాయం తనదేనని చెప్పుకున్నారు.

మర్నాడు చివరి బోగీ మళ్లీ మిణుకుమిణుకుమంది. పైకప్పు తీసి చూస్తే సగం ఖాళీ.

"ఏటిది వసుంధరా, జనం ఏరి?"

ఆవిడ నోట్లోది తాపీగా నమిలి మింగింది.

"పూండి స్టేషన్లో దిగిపోనారు."