ముందుంటది

"ముందు" అన్న మాటను గడియారానికి తగిలిస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ముందు అన్నం తిను, ముందు చెప్పులు విడువు అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఫలానా దేశంలో టైమ్ మనకన్నా ముందు అంటే మాత్రం ముల్లు ఎటు తిప్పాలో ఆ దేవుడికే తెలియాలి.

మా ఆయన దోహాలో లారీ నడిపేవారు. వెళ్ళి ఏడాది కూడా నిండలేదు. ఫోన్ ఎప్పుడూ ఆయనే చేసేవారు కాబట్టి, ఇక్కడ ఇంత అయితే అక్కడ ఎంత అని మాకు ఎన్నడూ లెక్క అవసరం పడలేదు. ఆ రోజు పొద్దున మాత్రం ఆయన నంబరు నుంచి వేరే గొంతు వినిపించింది. ఆయనతో ఒకే గదిలో ఉండే జగిత్యాల అతను. బండి బోల్తా పడిందట. తలకు ఆపరేషన్ చేస్తారట, గ్యారంటీ ఇవ్వలేమన్నారట. నోట మాట రావడం లేదు గానీ చెవులు వినిపిస్తున్నాయట.

"లోపటికి తీస్కపోకముందు ఒక్కపారి మాట్లాడనిస్తరట అక్కా. గీడ నాలుగింటికి నర్సమ్మ ఫోను చెవికాడ పెడతది. నేనే కలుపుత. మీకు రెండున్నర గంటలు ముందుంటది, జర యాది పెట్టుకోన్రి" అన్నాడు.

నేను ఆ మాటే తీసుకెళ్ళి మామయ్యకు అప్పజెప్పాను. మామయ్యకు ఆబిడ్స్ సందులో గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. ఇంట్లో టైమ్ గురించి ఆయన మాటే చివరి మాట.

"ముందంటే ముందే గదా. నాలుగుల కెల్లి రెండున్నర తీసెయ్. మనకు ఒకటిన్నరకే వస్తది ఫోను."

"జర ఫోన్ల జూడరాదు" అంది అత్తమ్మ.

"గడియారం సంగతి నాకు జెప్తున్నవా?" అని కసిరారు. దుకాణం నుంచి ఒక గోడ గడియారం తెచ్చి, ముల్లు రెండున్నర గంటలు ముందుకు తిప్పి, మా గడియారం పక్కనే తగిలించారు. కొడుకు టైమ్ అది. అందరి దేశాలూ గంటల లెక్కన తేడా పెట్టుకుంటే మనమే ఈ అరగంట తోక తగిలించుకున్నామని గొణుక్కున్నారు కూడా. నేనూ నమ్మాను. గడియారాల మనిషి ఇంట్లో ఉండగా ఫోన్‌లో చూడడం ఏమిటనిపించింది.

ఏం చెప్పాలో పొద్దుటి నుంచీ కూడబలుక్కున్నాను. ధైర్యంగా ఉండు అని అందరూ అంటారు. కూలర్ మళ్ళీ నడుస్తోంది, మీరన్నట్టే లోపల వైరు ఊడింది అని చెబుదామనుకున్నాను. ఆ మాట చెబితే నేనేనని గుర్తుపడతారని నా ఆశ.

ఒకటిన్నర అయింది. ఫోన్ రాలేదు. నేనే చేశాను, చేస్తూనే ఉన్నాను. ఎవరూ ఎత్తలేదు. కొత్త గడియారంలో నాలుగు దాటి ఐదు కావస్తుంటే అత్తమ్మ నేల మీద కూలబడి, "లోపటికి తీస్కపోయిన్రు నా కొడుకును" అని ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు. గొంతులో ఆ కూలర్ మాట అలాగే ఉండిపోయింది.

ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోన్ చార్జింగ్ అయిపోతే అత్తమ్మ దగ్గర చార్జింగ్‌కు పెట్టి, ఏదైనా కబురు తెలుస్తుందేమోనని నేనూ మామయ్యా లక్డీకాపూల్‌లో గల్ఫ్‌కు పోయినవాళ్ళ సంగతులు చూసే ఒక సర్కారు ఆఫీసుకు వెళ్ళాం. కూర్చోమన్నారు, కూర్చున్నాం. ఆరు దాటాక ఒక క్లర్కు మా మాట విని, గోడ గడియారం కేసి చూసి, తేలిగ్గా అన్నాడు.

"ఏంది గిట్ల పరేషాన్ అయితున్రు? గాడ ఇంకా మూడున్నరే గదా. మన గడియారమే ముందుంటది."

మామయ్య ముఖం చూడలేకపోయాను. ఆటో ఎక్కి, డ్రైవర్‌ను బతిమాలి అతని ఫోన్ తీసుకున్నాను. మొదట ఎంతసేపు మోగినా అత్తమ్మ ఎత్తలేదు. నాంపల్లి స్టేషన్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. మళ్ళీ చేశాను. ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. దిగి పరుగెత్తాను. మామయ్య వెనక పడిపోయినా ఆగలేదు.

నేను మెట్లెక్కేసరికి అత్తమ్మ ఫోన్ పక్కన పెట్టి ముక్కు చీదుకుంటోంది.

"గా జగిత్యాల పిలగాడు చేసిండు. మాట్లాడు పెద్దమ్మా అంటడు. ఇగ ఏం మాట్లాడుదు నాయినా, టైమ్ అయిపాయె, అంతా అయిపాయె అని పెట్టేసిన."

వెంటనే చేశాను. అప్పటికే ఆపరేషన్‌కు స్ట్రెచర్ బండి మీద తోసుకుపోతున్నారట. "నర్సమ్మ ఫోను చెవికాడనే పెట్టింది అక్కా. పెద్దమ్మ గొంతు వినంగనే కండ్లు తెరిసిండు" అన్నాడు అతను. ఆ కళ్ళు మళ్ళీ తెరుచుకోలేదు.

ఆ గడియారాన్ని మామయ్య సరిచేయలేదు. నన్ను దించనివ్వనూ లేదు. అత్తమ్మ మాత్రం అప్పుడప్పుడు కూరగాయలు తరుగుతూ తరుగుతూ ఆగి అడుగుతుంది.

"నిజం జెప్పు బిడ్డా. నేనన్నది వాడు విన్నడా?"

"లేదత్తమ్మా. అప్పటికే లైన్ కట్టయింది" అంటాను. లేచి కూలర్ వేస్తాను.