గేటు దాకా వెళ్లి వచ్చాను

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే, ఒక్క మాట. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నా మేనకోడలు ఎలక్ట్రికల్ డిప్లొమా పాసైంది. కరెంటు ప్లాంటులో పనిచేసే తెలుగు ఆఫీసరు ఒకాయన శ్రీరామనవమి భోజనాల్లో ఏటా నా పక్కనే కూర్చునేవారు. అది తెలిసి పిల్ల ఈ హిందీ ఊళ్లో, లాల్‌ఖదాన్‌ పేటలో ఉన్న మా ఇంటికి వచ్చింది.

"ఉద్యోగం అడగమనట్లేదు మావయ్యా. ఆయనకి నన్ను పరిచయం చెయ్యి, చాలు. మిగతాది నేను మాట్లాడుకుంటాను."

"అచ్ఛా, ముందు నేనెళ్లి కదిపి వస్తానమ్మా" అన్నాను.

వెళ్లాను. ఆయన గేటు ముందు నిలబడ్డాను. మా నాన్న గుర్తొచ్చాడు. రైల్వే ఇంజన్ల షెడ్డులో కూలిపని చేసే ఖలాసీ ఆయన. క్వార్టర్ పెరట్లో కాసిన తొలి పనసకాయను ఏటా భుజాన పెట్టుకుని ఆఫీసరు బంగళాకి మోసుకెళ్లి, చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఒకరి గుమ్మం తొక్కనని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. పెద్దవాళ్లతో పరిచయం పెంచుకోవడమంటే కాళ్లు పట్టుకోవడమేనని నా నమ్మకం. పనితనం ఉంటే వాళ్లే పిలుస్తారని నా పొగరు. బెల్లు నొక్కలేదు. మూల కొట్టులో టీ తాగి తిరిగొచ్చేశాను.

"ఏటన్నారు మావయ్యా?"

"అవదన్నారమ్మా."

పోనీలే, నా కోసం అడిగావు కదా అంటూ నాకే మంచినీళ్లు తెచ్చిచ్చింది.

రెండేళ్లకి ఆయనకి బదిలీ అయింది. వీడ్కోలు భోజనాల్లో నాతో అన్నారు, మన రైల్వే పిల్లలు ఒక్కరూ దారి అడగడానికి రారేమని. నేను విస్తరి మడిచి లేచాను.

నా పరువు నేను కాపాడుకున్నాను, సరే. ఆ పిల్ల నోరెందుకు కట్టేశాను? తిఫ్రాలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఇప్పటికీ లారీ రసీదులు రాస్తోంది. దాంతో చదువుకున్న అమ్మాయి మొన్న ఇంజనీరుగా ఈ ఊరే వచ్చింది. ఒకసారి వెళ్లి కలవవే అని బతిమాలాను. నవ్వింది.

"నువ్వడిగితేనే అవలేదు, నేనడిగితే ఏటవుద్ది?"

నేను అడగలేదే తల్లీ! అని లోపలే అనుకున్నాను. చెబితే, తన కోసం ఒకరైనా అడిగారన్న నమ్మకం కూడా పోతుంది. చెప్పకపోతే అది ఎప్పటికీ ఎవరినీ అడగదు. ఏం చెయ్యను? నాకు తోచడం లేదు.

ఇక్కడి హిందీ బళ్లో చదివింది, దానికి తెలుగు చదవడం రాదు. ఇది రాయగలిగానంటే ఆ ధైర్యంతోనే. రాస్తుంటే గుండె కాస్త తేలికవుతోంది, సిగ్గు మాత్రం అలాగే ఉంది.

ఆయన అవదనలేదమ్మా. నేను బెల్లే నొక్కలేదు.