ఎదుటి దుకాణంలో రిమోట్

చేతిలో పట్టుకునే వస్తువు మంచిదో కాదో తెలియడానికి దాన్ని చూడనక్కర్లేదు. ఒక అరగంట ఆడి లేచినవాడి అరచేతులు చూస్తే చాలు. గోదావరిఖనిలో వీడియో గేముల దుకాణం నడిపినన్నాళ్లూ నేను అరచేతులే చూశాను. టీవీలో ఎవడు గెలిచాడో నాకు పట్టేది కాదు.

డబ్బా మీద ఇంగ్లీషులో ఏ పేరు అచ్చేసినా గేము ఆడించే ఆ చేతి వస్తువును మా దగ్గర అందరూ రిమోట్ అనే అనేవాళ్లు. నేనూ అదే అంటాను. మొదట వచ్చిన క్యాసెట్ గేముల రిమోట్ బట్టల సబ్బు బిళ్లలా ఉండేది. నాలుగు మూలలూ పదునే. ఎడమచేతి బొటనవేలి మొదట్లో ఎర్రగా గాడి పడేది. వైరు పొట్టిది కావడంతో టీవీ కింద నేలమీద కూర్చుని మెడ ఎత్తి ఆడాలి. మనిషి చేతిని తలుచుకుని చేసిన వస్తువు కాదది. అట్టపెట్టెలో ఎన్ని పడతాయో లెక్క చూసుకుని చేసిన వస్తువు.

ఆ తర్వాత రెండు కొమ్ములున్న రిమోట్ వచ్చింది. మా దుకాణం బతికింది దానిమీదే. కొమ్ములు రెండు అరచేతుల్లోకీ దిగుతాయి, బరువు వేళ్ల మీద పడదు. లోపం లేకపోలేదు. తిరిగే స్టిక్కులు రెండూ ఒకే వరసలో, దగ్గర దగ్గరగా ఉండేవి. పెద్ద చేతులవాళ్లకు రెండు బొటనవేళ్లూ ఒకదాన్నొకటి పొడుచుకునేవి. పైన వేసిన రబ్బరు మా ఎండలకూ చెమటకూ ఏడాది తిరగకుండానే ఊడేది. నేను సైకిల్ ట్యూబు ముక్క గుండ్రంగా కోసి అతికించేవాణ్ని. బటన్ల సందుల్లో బొగ్గుపొడి చేరితే విప్పి, దూదితో స్పిరిట్ పెట్టి తుడిచేవాణ్ని. ఆ పని నాకు ఎవరూ నేర్పలేదు.

నా దగ్గర అసలువి నాలుగుండేవి, మిగతావి నకిలీవి. కళ్లకు రెండూ ఒకటే. చేతికి కాదు. నకిలీది తేలిక. లోపల ఏమీ లేనివాడి మాటలా తేలిక. రెండు ప్లాస్టిక్ చిప్పలు కలిసే చోట గీత ఒకటి చర్మాన్ని గీరుతూ ఉంటుంది. స్టిక్కు వదిలేసినా నడిమికి రాదు. ఫుట్‌బాల్ ఆటలో మన మనిషి తనంతట తానే గీత దాటి బయటికి నడిచిపోతుంటాడు. అసలుదాని స్టిక్కు వదిలితే సరిగ్గా తన చోటికి వచ్చి నిలుస్తుంది. తన చోటు తెలిసిన వస్తువంటే నాకు గౌరవం.

మధ్యాహ్నం ఓపెన్ కాస్ట్ బొగ్గు గుంతలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు బల్ల మీద రిమోట్లు వాటంతటవే కదిలేవి. "వణికిందేందే, గోల్ పడ్డదా?" అని ఎవడో ఒకడు తప్పకుండా అడిగేవాడు. పడింది గోలు కాదు. మా తాత భూమిలో ఇంకో గజం.

ఆ గుంత ఉన్నచోట మా ఊరు ఉండేది, ఊళ్లో సగం మాది. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం ఇస్తామని బొగ్గు కంపెనీవాళ్లు ఇంటికొచ్చి అడిగారు. "మా ఇంటోళ్లు ఒకని కింద డ్యూటీ చెయ్యరు" అన్నాడు మా తాత. మా దగ్గర పొలం పనికి జీతం ఉండిన మనిషికి ఊరి చివర రాళ్ల చెలక ఒకటి ఉండేది. అదీ గుంతలోనే పోయింది. అతన్నీ అదే మాట అడిగితే మరునాడే పోయి బొగ్గు బాయిలో దిగాడు. తర్వాత వాళ్లకు క్వార్టరు వచ్చింది, కరెంటు వచ్చింది, జ్వరమొస్తే కంపెనీ దవాఖాన వచ్చింది. మాకు వచ్చింది పరిహారం కోసం వకీళ్ల ఇళ్ల ముందు తిరిగే పని. నేను పెద్దయ్యేసరికి దుకాణం వెనక రెండు కిరాయి గదులు, అందులో ఇస్త్రీ ధోవతితో బాపు అని మేం పిలిచే మా నాన్న మిగిలారు. బాపు దుకాణంలోకి ముందునుంచి ఎన్నడూ రాలేదు. గేములు అనే మాట ఆయన నోట వినలేదు. ఎవరైనా అడిగితే "మావాడు సొంత దుకాన్ల కూసుంటడు" అనేవాడు. ఏం దుకాణమో చెప్పేవాడు కాదు.

సొంత దుకాణం. ఆ రెండు మాటలే మా ఇంట్లో మిగిలిన ఆస్తి. అది కూడా పోతే బొగ్గు లారీల కాంట్రాక్టరు దగ్గరికి పోయి అతని బల్ల ముందు నిలబడడం తప్ప నాకు వేరే దారి లేదు.

ఎదురుగా ఇంకో దుకాణం తెరిచింది ఆ జీతగాడి చిన్నకొడుకే. పెద్దకొడుక్కి తండ్రి స్థానంలో కంపెనీ ఉద్యోగం వచ్చింది. చిన్నవాడు కొత్త కన్సోళ్లు తెచ్చాడు. గోడకు అంటుకునే పల్చటి టీవీలు, వైరు లేని రిమోట్లు, కూలరు. వానాకాలం ముగిసేలోపు నా బెంచీలు ఖాళీ అయ్యాయి. రోడ్డు దాటి పోయేవాళ్లు నా గుమ్మం వైపు చూడకుండా నడవడం నేర్చుకున్నారు.

ఒకరోజు అతనే వచ్చాడు. అతని తండ్రి మమ్మల్ని దొరా అనేవాడు. ఇతను "అన్నా" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. వయసులో నాకంటే చిన్నవాడే.

"అన్నా, ఒక్కసారి మా దాంట్లకు రా. కొత్త రిమోట్ పట్టి చూడు."

"చూసి?"

"చూసి చెప్పు, మంచిగున్నదా లేదా. నాకైతే అన్నీ ఒక్క తీర్గనే అనిపిస్తయి. నీకు ఎర్కైనట్టు ఈ బజార్ల ఎవనికి ఎర్క?" బెంచీ మీద కూర్చున్నాడు, నేను కూర్చోమనకముందే. "ఇంకో ముచ్చట. అవి ఖరాబైతే బాగు చేసెటోడు లేడు. పట్నం పంపాలె. నువ్వు అటొచ్చి కూసుంటే రెండు దుకాన్లు ఒక్కటైతయి. సగం నీది, సగం నాది. నీకూ ఫికరుండది, నాకూ ఉండది."

"బోర్డు మీద ఎవరి పేరుంటది?"

అతను నవ్వాడు. "నీదే పెట్టుకో అన్నా. పేరుతోని నాకేం పని? మా ఇంట్ల కంపెనీ నౌకరి ఉన్నది."

ఆలోచిస్తానన్నాను. నిజంగానే ఆలోచించాను. సగం అన్నాడు, జీతం అనలేదు. ఆ తేడా నాకు తెలుసు. అతనికీ తెలిసే అన్నాడు.

ఇక్కడ మా బజారు అలవాటు ఒకటి చెప్పాలి. షిఫ్టు మారేటప్పుడు బాయిలో గానీ ఓపెన్ కాస్ట్‌లో గానీ యంత్రాన్ని వదిలి ఊరికే దిగిపోరు. తర్వాతి షిఫ్టువాడు వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేసి, "పట్టుకున్న" అనాలి. ఆ మాట పడేదాకా మొదటివాడు చెయ్యి తియ్యడు. ఆ మాట పడ్డాక ఏం జరిగినా బాధ్యత రెండోవాడిది. తండ్రులది చూసి కొడుకులు అదే గేముల దుకాణాలకూ తెచ్చారు. ఆట ముగిసినవాడు రిమోట్‌ను చొక్కాకు తుడిచి, రెండు చేతులతో అందించి, తర్వాతివాడు "పట్టుకున్న" అనేదాకా వదిలేవాడు కాదు. అనకుండా లాక్కున్నవాణ్ని నలుగురూ తిట్టేవాళ్లు. నా దుకాణంలో రోజుకు ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. నేను మాత్రం ఎప్పుడూ అనలేదు. నేను ఆడను, విప్పి బాగుచేస్తాను.

ఆదివారం పొద్దున ఎదుటి దుకాణానికి వెళ్లాను. లోపల కూర్చున్నవాళ్లంతా నా దగ్గరినుంచి పోయినవాళ్లే.

"ఏందన్నా, నీ దుకాన్ బందా?" అన్నాడొకడు.

"అన్న మన వైర్ల ముడులు ఇప్పతందుకు అచ్చినట్టున్నడు" అన్నాడు ఇంకొకడు. "వైర్లే లేకపాయె."

వాళ్ల మధ్యలో, టీవీ ఎదురుగా, మా పాత జీతగాడు కూర్చుని కారు పందెం ఆడుతున్నాడు. ముసలివాడైపోయాడు. కుడిచేతికి చిటికెన వేలూ దాని పక్క వేలూ లేవు. బాయిలో బొగ్గు టబ్బులను లాగే తాడు తీసుకుపోయిందని నాకు తెలుసు. ఉన్న వేళ్లతోనే వెనక బటన్ లాగిపెట్టి కారును నడుపుతున్నాడు, మూల తిరిగేటప్పుడు ఒళ్లంతా అటు వంచుతూ.

నన్ను చూసి లేచాడు. నా చిన్నప్పుడు లేచినట్టే లేచాడనుకున్నాను. కానీ చేతులు కట్టుకోలేదు. ఆట ఆపి, భుజం మీది తువ్వాలతో రిమోట్‌ను పైనా కిందా తుడిచి, రెండు చేతులతో నా ముందు పెట్టాడు.

"బండి మంచిగనే ఉన్నది. చూసుకో" అన్నాడు.

దొరా అనలేదు. బిడ్డా అనలేదు. షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడితో అనే మాట ఎంతో అంతే అన్నాడు.

నేను రెండో వైపు పట్టుకున్నాను. ఆ కాసేపట్లోనే నా చేతులు చూడాల్సిందంతా చూశాయి. అబద్ధం చెప్పను, నేను పట్టుకున్న రిమోట్లన్నిటిలోకీ అది మంచిది. ఎడమ స్టిక్కు పైకి, కుడి స్టిక్కు కిందికి ఉన్నాయి, కాబట్టి బొటనవేళ్లకు పేచీ లేదు. వెనక బటన్లు చూపుడువేలు వంగినంతే వంగి ఉన్నాయి. ఒళ్లు నున్నగా లేదు, చెమట పట్టినా జారదు. వైరు లేని లోటును లోపలి బరువు తీర్చింది, చేతిలో ఒక వస్తువుందన్న నమ్మకం ఇచ్చింది. అరచేతి గుంటలోకి దానంతట అదే వచ్చి కూర్చుంది. దాన్ని చేసినవాడు చేతిని ప్రేమించినవాడు. అది ఎవరి చేయి అని అడగనివాడు. మూడు వేళ్ల చేతిలోనూ అది అంతే బాగా కూర్చుని ఉండడం నా కళ్లముందే ఉంది.

ముసలాయన వదల్లేదు. నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"బరువెక్కువున్నది" అన్నాను.

"పట్టుకున్నవా?" అని ఆయనే అడిగాడు, మెల్లగా.

"అనెయ్ అన్నా ఆ ఒక్క మాట" అన్నాడు వెనకనుంచి ఒకడు. "ముసలాయన చేతులు గుంజుతయి."

ఆ మాట పెద్దదేం కాదని నాకు చెప్పినవాళ్లున్నారు. వాళ్లకు కాకపోవచ్చు. డ్యూటీ ఎక్కి దిగినవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాట అది. మా తాత ఆ డ్యూటీని గుమ్మం దగ్గరినుంచే పంపేశాడు. బాపు దాని పేరెత్తకుండా బతికాడు. మా ఇంటి భూమి దున్నిన చేతుల ముందు నిలబడి, ఆ చేతులను దింపి డ్యూటీ ఎక్కే రిలీవర్‌గా వచ్చానని నేను చెప్పాలి. నేను రిమోట్ వదిలేశాను. అది ఆయన చేతుల్లోనే ఉండిపోయింది.

ఆయన ఇంకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. కొడుకు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇగ చాల్తియ్ నాయినా, కూసో. ఆయన డ్యూటీ ఎక్కెటోడు కాదు, దిగెటోడు కాదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నేను రోడ్డు దాటి వచ్చేశాను.

సగం వాటా సంగతి కొడుకు మళ్లీ ఎత్తలేదు. బజారంతా మాత్రం ఒక మాట తిరిగింది, నేను ముసలాయనను రిమోట్ పట్టించి నిలబెట్టి అవమానం చేశానని. నేను నిలబెట్టలేదు. ఆయనే నిలబడ్డాడు. ఈ తేడా ఆ రోజు ఎవరూ వినలేదు, ఈ రోజూ ఎవరూ వినరు. ఎవరికైనా విప్పి చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం పెద్ద సమ్మె జరిగింది. బాయిలన్నీ బందు. మనుషులంతా బజార్లోనే ఉన్నారు. ఎదుటి దుకాణంలో కూర్చోవడానికి జాగా లేక గుమ్మం మీద కూడా కూర్చునేవాళ్లు. నేను నా గుమ్మంలో కూర్చుని, ఎవరూ ముట్టని రిమోట్లు విప్పి, దుమ్ము లేని బటన్లు తుడిచి మళ్లీ బిగించేవాణ్ని. సమ్మె ముగిసిన కొన్ని నెలలకు షట్టర్ దించాను. ఆ జాగాలో ఇప్పుడు చికెన్ సెంటరుంది.

జరిగింది బాపు చెవిన ఎవరో వేశారు. దుకాణం మూసిన రోజు అన్నం దగ్గర ఆయన ఆ మాట ఎత్తాడు.

"ఆ మాట అననందుకు మంచి పని చేసినవ్" అన్నాడు.

జీవితంలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అది నేను మింగలేకపోయాను.

ఇప్పుడు బొగ్గు లారీలు తూచే కాంటా దగ్గర పనిచేస్తున్నాను. కాంట్రాక్టరు నాకంటే చిన్నవాడు, నేను అతన్ని సార్ అంటాను. మా పేర్లు, మా ఊళ్లు అక్కడ ఎవరికీ అక్కర్లేదు, లారీ నంబరు గట్టిగా కేకేస్తే చాలు. బాపుకు మాత్రం ఆఫీసు అని చెప్పాను. ఆయన పొద్దున్నే నా చొక్కా మడత చూసి, నలిగి ఉంటే తిరిగి ఇస్త్రీ చేయించుకుని పొమ్మంటాడు. కాంటా దగ్గర ఒక్క గంటలోనే అది నల్లబడుతుంది. అందుకే దాన్ని అక్కడ మేకుకు తగిలించి పాత బనీను మీద పనిచేసి, సాయంత్రం ముఖం కడుక్కుని అదే చొక్కా మళ్లీ తొడుక్కుని వస్తాను. కాలరు తెల్లగా ఉందో లేదో కిటికీలోంచి చూసి బాపు తలుపు తీస్తాడు.