గాజులత్తతో బేరం

మొన్న మార్కాపురంలో కొత్తగా తెరిచిన బట్టల దుకాణానికి వెళ్లి, అలవాటుకొద్దీ చీర ధర సగానికి అడిగాను. అక్కడి అమ్మాయి నవ్వి, "ఇక్కడ ఫిక్సెడ్ రేటు మేడం" అన్నది. అలిగినట్టు మెట్లు దిగి, వెనక్కి పిలుస్తారేమోనని కాసేపు చెప్పులు సర్దుకున్నాను. ఎవరూ పిలవలేదు. బట్టల కొట్లో పెరిగినదానికి ఇంతకంటే పరువుతక్కువ ఉందా! ఆటోలో కూర్చున్నాక గాజులత్త గుర్తొచ్చింది.

నర్సుగా నా ఉద్యోగమంతా క్యాన్సర్ వార్డులోనే గడిచింది. గిద్దలూరు, పామూరు వైపు నుంచి ఆడవాళ్లు పెరుగన్నం డబ్బాలతో పొద్దున్నే బస్సు దిగేవాళ్లు. సూది గుచ్చడం కాలేజీలో నేర్చుకున్నాను గాని, బెదిరిపోయిన మనిషిని మంచం మీద కూర్చోబెట్టే విద్య మా నాయన దుకాణంలోదే. "ముందు కూర్చోమను, మంచినీళ్లియ్యి, తర్వాత గుడ్డ విప్పు" అనేవాడు. నేను గుడ్డ బదులు సూది విప్పేదాన్ని, అంతే తేడా.

గాజులత్తది యర్రగొండపాలెం. ఊరూరా తిరిగి గాజులమ్మేది. రొమ్ములో గడ్డ. ఆపరేషన్‌కు ముందు మందు ఎక్కిస్తున్నాం. సగం మందుకే గడ్డ కరిగింది. దాంతోపాటే జుట్టు రాలింది, నోరు పూసింది. ఆ రోజు మంచమెక్కకుండా నా బల్ల ముందు నిలబడింది.

"గడ్డ కరిగిపోయినాది. చేతికి తగలటం లేదమ్మీ. ఇంక చాలు, సగానికి తెగ్గొట్టు."

"సగానికి రాదత్తా. డాక్టరు చెప్పిన రేటిది."

"బేరం తెలిసినదానివి, నువ్వే ఇట్లంటే ఎట్ల? కాదంటే నే పోతా."

"పో అత్తా" అన్నాను ధీమాగా.

మెట్లదాకా పోయిన గిరాకీని పిలవకూడదని మా నాయన శాసనం. బేరానికి పోయే మనిషి అడుగు నెమ్మదిగా పడుతుంది, ఓరకంట వెనక్కి చూస్తుంది. గాజులత్త చూడలేదు. కొంగు తలమీదికి లాక్కుని సరాసరి గేటు దాటింది. చేతికి తగలకపోయినా జబ్బు లోపల ఉంటుందని, సగంలో వదిలేస్తే తిరగబెడుతుందని నాకు తెలుసు. వార్డు చెప్పులతోనే బస్టాండుకు పరిగెత్తాను.

ఆవిడ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉంది.

"అత్తా, ధర తగ్గదు. కొసరు అడుగు, ఇస్తా" అన్నాను రొప్పుతూ.

"ఎక్కుతావా, లేదా పెద్దమ్మా?" కండక్టరు కసిరాడు.

"ఉండు నాయనా, బేరం నడస్తా ఉంది కనపడ్లా?" అని కాలు దించింది. నా వైపు తిరిగి, "మందెక్కేంతసేపు ఆ గోడ చూస్తా పడుకోవాలంటే పానం పోతాది. నువ్వు ఎదురుగా కూచోని నాతో బేరమాడాల. అట్లయితే వస్తా" అన్నది.

ఆనాటి నుంచి గాజుల పెట్టె వార్డులోకి వచ్చింది. డ్యూటీలో గాజులు వేసుకోకూడని నేను, మందు చుక్కలు సరిచూస్తూ, వేసుకోని గాజులకు గీచిగీచి బేరమాడేదాన్ని. పక్క మంచాలవాళ్లు తలగుడ్డలు సర్దుకుంటూ, "ఆమెకు జీతమొస్తాది, తగ్గించబాక గాజులత్తా!" అని ఎగదోసేవాళ్లు. ఆవిడ తగ్గేది కాదు. మధ్యలో వాంతి వస్తే గిన్నె పట్టేదాన్ని, ఆవిడ నోరు కడుక్కుని, "యాడ ఆపినాం?" అని మళ్లీ అందుకునేది.

అందరితో ఇట్ల కుదరలేదు. నేను పరిగెత్తేలోపే బస్సెక్కి పోయినవాళ్లున్నారు. గాజులత్త మాత్రం మందంతా ఎక్కించుకుంది, ఆపరేషన్ చేయించుకుంది, ఇప్పటికీ తిరునాళ్లలో గాజులమ్ముతోంది. ఆ మంచం పక్కన కూర్చున్న పూటల్లో మాకు ఒక్క బేరమూ కుదరలేదు. కుదుర్చుకునే తొందరా ఇద్దరికీ లేకపోయింది. అంత తీరికైన పూటలు నా జీవితంలో మళ్లీ రాలేదు.