రాజలింగానికి నచ్చని ఏడిళ్ళు

రాజలింగానికి ఏ ఇల్లూ నచ్చదు. కూరలో ఉప్పు తక్కువైతే కలుపుకుని తింటాడు. బస్సులో సీటు దొరక్కపోతే డ్రైవరు పక్కన నిలబడి లోకాభిరామాయణం మొదలుపెడతాడు. చెప్పు తెగితే నవ్వుతూ చేతిలో పట్టుకుని నడుస్తాడు. ఇంత మంచి మనిషికి ఇంటి విషయం వచ్చేసరికి మాత్రం ఏదో పురుగు తొలుస్తుంది. రెండు నెలలు నిండకముందే గోడల్లోనో, గడపలోనో ఆయనకొక లోపం కనిపిస్తుంది. భూపాలపల్లిలో కిరాణా దుకాణం పెట్టిన పది నెలల్లో ఆరిళ్ళు మారాడు. ఇప్పుడు ఏడో ఇంట్లో ఉన్నాడు.

ఆయన భార్య రుక్మిణమ్మకు ఇల్లు మారడమంటే గిన్నెలు మూటగట్టడం, ఉట్టి విప్పడం, కొత్త పొయ్యి మీద పాలు పొంగించడం. ఏడుసార్లు పొంగించింది. "మీ ఇంట్ల పాలు తాగుతరా, పొంగిచ్చుడేనా?" అని పాలామె నవ్వితే ఆమెకు తల కొట్టేసినంత పనయింది. అప్పటినుంచి విడిచిపెట్టిన వీధి ముఖం మళ్ళీ చూసేది కాదు. పది నెలలకే ఆమె వెళ్ళగూడని వీధులు ఊళ్ళో సగమయ్యాయి.

అవి ఎనభైల చివరి రోజులు. ఊరి పక్కన బొగ్గుబాయి తవ్వడం మొదలైంది. యంత్రాలొచ్చాయి, ఇంజనీర్లొచ్చారు, వందలమంది పనివాళ్ళొచ్చారు. వీళ్ళందరూ ఎక్కడుండాలన్నది మాత్రం కంపెనీకి తీరిగ్గా గుర్తొచ్చింది. కట్టిస్తామన్న క్వార్టర్లు పునాదుల దగ్గరే ఆగాయి, వాటి మీద మేకలు ఎండ కాచుకునేవి. ఆఫీసర్లకు ఇంటికిరాయి కంపెనీయే ఇస్తుంది కనుక వాళ్ళు ఎంతంటే అంతకు సరే అనేవాళ్ళు. దాంతో అరవై రూపాయల ఇల్లు రెండొందలైంది. ఒకాయన పశువుల కొట్టానికి సున్నం కొట్టి 'పోర్షన్' అని పేరు పెట్టాడు. పాపం ఆ బర్రె బయట నిలబడి, లోపల ఇంజనీరు గడ్డం గీసుకోవడాన్ని కిటికీలోంచి చూసేది.

ఇక ఊళ్ళో టీచర్లు పరకాల నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చేవాళ్ళు. గార్ల, నెల్లికుదురు దిక్కు తండాల నుంచి బాయి పనికి వచ్చినవాళ్ళయితే జీతం చేతిలో ఉన్నా ఇల్లు దొరక్క బాయి దగ్గర తాటిపత్రీ పట్టాతో గుడారం కట్టుకుని పడుకునేవాళ్ళు. "తండావాళ్ళకు ఇయ్యం" అని పటేళ్ళు మొహం మీదే చెప్పేవాళ్ళు.

అలాంటి రోజుల్లో రాజలింగం వంటి కిరాయిదారు దొరకడమంటే ఇంటివాళ్ళకు పండగే. కోమటాయన, నీసు వండరు, ఒకటో తారీకున కిరాయి చేతిలో పెడతాడు. అందుకే ఇంట్లో దిగేముందు ఆయన అడిగే ఒక్క మాటకు అందరూ తలూపేవాళ్ళు.

"ఏడాదిదాక గిదే కిరాయి పటేలా. నేనున్నా గదే, నేను పెట్టిన మనిషున్నా గదే."

"నువ్వుండంగ ఇంకో మనిషెందుకు షావుకారీ!" అనేవాళ్ళు సంబరంగా. ఆ సంబరం నెలన్నర ఉండేది.

మొదటి ఇంట్లో దూలం కుదరలేదు. "పటేలా, దూలం నా దిక్కే చూస్తున్నది" అన్నాడు రాజలింగం పొద్దున్నే వెళ్ళి.

"దూలం చూసుడేందయ్యా?"

"నేను ఎటు పండుకుంటే అటు. నిన్న మంచం మార్చిన. అయినా చూస్తున్నది."

రెండో ఇంట్లో బావి నీళ్ళు మరీ తియ్యగా ఉన్నాయన్నాడు. రోజూ తాగితే చక్కెర రోగం వస్తుందట. మూడో ఇంట్లో తలుపు లోపలికి తెరుచుకుంటుందన్నాడు. "ఏ తలుపన్న లోపలికే గద తెరుసుకునేది!" అని ఇంటాయన నెత్తి కొట్టుకుంటే, "గదే నా బాధ" అని నిట్టూర్చాడు. నాలుగో ఇంట్లో ఒక్క బల్లి కూడా లేదట. "బల్లే ఉండలేని ఇంట్ల మనిషెట్ల ఉంటడు పటేలా?" ఐదో ఇంటికి నీడ పక్కింటి మీద పడుతోంది. "కిరాయి నాది, నీడ వాళ్ళకు. గిదేం న్యాయం?" ఆరో ఇంటి గోడ తనను చూసి ఆవులిస్తోందన్నాడు. చూస్తే అది చిన్న బీట.

ఈ బాధలన్నీ ఆయన ఒక్కసారి చెప్పి ఊరుకోడు. రోజూ తెల్లవారగానే, ఇంటాయన వేపపుల్ల నోట్లో పెట్టుకునే సమయానికి, సరిగ్గా ఎదురుగా అరుగు మీద కూర్చుని చెబుతాడు. పది రోజులు గడిచేసరికి ఎంతటి పటేలైనా వేపపుల్ల పారేసి చేతులు జోడించేవాడు. "ఎవ్వరినన్న పెట్టుకో బాపూ! దయ్యాన్నన్న పెట్టు! నువ్వు మాత్రం పో!"

రాజలింగం పోయేవాడు. మంగ్యా అనే బండాయన ఎద్దుబండి మీద సామాను వేసుకుని కొత్తింటికి తోలేవాడు. మంగ్యా బేరమాడేవాడు కాదు. తిరుగుబండి ఖాళీగా పోదు గనుక కిరాయి తక్కువేనని మాత్రం అనేవాడు. రుక్మిణమ్మ ఉట్టి కుండలు పగలకుండా పట్టుకుని కూర్చునే గొడవలో ఆ మాటను పట్టించుకోలేదు.

ఆమె బాధ వేరే ఉంది. పిల్లలిద్దరూ తొర్రూరులో ఆమె తల్లి దగ్గర చదువుతున్నారు. "నిలకడగ ఒక ఇల్లు దొరకనియ్యి, తోల్కొద్దాం" అన్నాడు రాజలింగం. ఇల్లు దొరుకుతూనే ఉంది, నిలకడే దొరకలేదు. చిన్నవాడు ఈమధ్య ఉత్తరంలో "అమ్మా, ఇప్పుడు ఏ ఇంట్ల ఉన్నవు?" అని రాశాడు. ఆ ఉత్తరం ఆరో ఇంటికి వెళ్ళి, అక్కడినుంచి చేతులు మారి ఏడో ఇంటికి చేరింది.

అందుకే ఏడో ఇల్లు చూడగానే ఆమె మనసులో గట్టిగా కూర్చుండిపోయింది. నర్సింగరావు పటేలు ఇల్లది, ఆయన ఉండేది ఎదురింట్లో. రెండు గదులు, వెనక వాకిలి, గాలి, వెలుతురు. జూన్‌లో బడి తెరిచేలోపు పిల్లల్ని తెచ్చుకోవాలని ముందుగదిలో మంచం ఎక్కడ వేయాలో కూడా చూసిపెట్టుకుంది. కంపెనీ ఇంజనీరొకడు ఆ ఇంటికి మూడింతలిస్తానంటున్నా, ఏడాది మాట ఇచ్చాను గనుక కుదరదని పటేలు మీసం దువ్వుకుంటున్నాడు.

సరిగ్గా నలభయ్యో రోజు రాజలింగం అన్నం ముందు కూర్చుని గోడల వంక చూశాడు. రుక్మిణమ్మ వడ్డిస్తున్న గరిటె ఆపింది.

"ఏంది?" అంది.

"ఈ ఇంట్ల ఒక్క లోపం గూడ కనపడతలేదు."

"మంచిదే గద!"

"గదే నాకు భయమైతున్నది. అన్ని ఇండ్లకు ఉంటదే లోపం. దీనికి లేదంటే ఏడనో దాచిపెట్టింది."

రుక్మిణమ్మ గరిటె కింద పెట్టింది. "విను. ఈ ఇంట్లకెళ్ళి నేను కదల. నువ్వు బండి పిలిచిన్నాడు నేను తొర్రూరు పోత. పిల్లలున్న కాడనే ఉంట. నువ్వు నీ ఇండ్లు మార్చుకుంట తిరుగు."

రాజలింగం ఏదో చెప్పబోయాడు, నోరు తెరిచాడు, అన్నం ముద్ద పెట్టుకుని మూసుకున్నాడు. తెల్లారి నుంచి పటేలు అరుగెక్కడం మాత్రం మానలేదు. పదో రోజు పొద్దున మంగ్యా బండి వాకిట్లో నిలబడింది. రుక్మిణమ్మ రెండు చీరలు సంచిలో పెట్టుకుని, మొగుడి ముఖమైనా చూడకుండా హన్మకొండ బస్సు కోసం బయలుదేరింది. అక్కడ దిగి తొర్రూరు బస్సెక్కాలి.

చిక్కేమిటంటే, బస్టాండుకు పోవాలంటే విడిచిపెట్టిన వీధుల మీదుగానే పోవాలి. ఊరు చిన్నది, కాపురాలు ఎక్కువ. కొంగు నెత్తిన కప్పుకుని వడివడిగా నడిచింది. బల్లి లేని ఇంటి ముందుకు రాగానే తలుపు తెరుచుకుంది.

"రుక్మిణమ్మా! ఆగుండ్రి!" దుకాణంలో చూసిన ముఖమే, జానకి టీచరు. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. "ఎన్ని దినాలకు దొరికిండ్రు! మీ పేరు చెప్పుకోని దినం లేదు."

"నా పేరా?"

"మరి? నా జీతంల సగం కిరాయే అడిగిండ్రు. అందుకే పరకాల నుంచి రోజు బస్సుల సచ్చేదాన్ని. మీరే గద ఈ ఇల్లు విడిచి నన్ను పెట్టమన్నరంట, పాత కిరాయికే! షావుకారు చెప్పిండు. ఇదంత మా రుక్మిణమ్మ ఆలోచన, నేను ఉత్త మనిషిని అన్నడు."

రుక్మిణమ్మ సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఆ... అంటే... ఔను" అంది. టీచరు చాయ్ ఇచ్చింది. చూరు వైపు చూపించి, "ఇప్పుడు బల్లులు మంచిగనే తిరుగుతున్నయి, షావుకారుకు చెప్పుండ్రి" అంది.

అక్కడినుంచి బయటపడి పక్క వీధిలోకి తిరిగిందో లేదో, నీడ పక్కింటి మీద పడే ఇంట్లోంచి ఇంకో కేక. "అక్కా! యాడికి పోతున్నవు?" కాళి. ఆమె కూడా దుకాణానికి వచ్చే మనిషే, మొగుడు దేవ్యా బాయిలో పనిచేస్తాడు. వాళ్ళూ తాటిపత్రీ కింద నుంచి ఈ ఇంటికి వచ్చినవాళ్ళే. కాళి జొన్నరొట్టె చేతిలో పెట్టింది. తండావాళ్ళింట్లో తినడం రుక్మిణమ్మకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. రొట్టె వంక ఒక్క క్షణం చూసింది, తర్వాత సిగ్గేసి గబగబా తినేసింది. బాగుంది కూడా.

మూలన ఒక అమ్మాయి గోడకానుకుని ఉంది. నిండు చూలాలు.

"మా చెల్లె కమ్లీ అక్కా. నెల దగ్గరికొచ్చింది. దీని మొగడు టీక్యా, దేవ్యాతోనే డూటీ. గార్ల అవుతల మా తండా, గంత దూరం పోయేటట్టు లేదు. ఇంకా తాటిపత్రీ కిందనే ఉన్నరు. ఈడ ఉండమంటే ఒక్కటే అర్ర, మేమే ఆరుగురం. వానలొస్తే ఎట్లనో అని మస్తు పరేషాన్ అయితున్నం. మీరున్న పటేలు ఇల్లు వీళ్ళకిప్పిస్తా అన్నడు షావుకారు."

"మరి మేము?"

కాళి ఆశ్చర్యంగా చూసింది. "నీకెరుకే గద అక్కా? ఇగ ఊళ్ళె ఆయనకు ఎవరు ఇల్లిస్తలేరు. దుకాణం ఎనక మిర్చి బస్తాల కాడ పండుకుంటడంట. మా రుక్మిణమ్మ ఒప్పుకున్నది, ఆమెది పెద్ద మనసు అన్నడు."

ఆ పెద్ద మనసున్నామెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడవాలో, ఇంటికెళ్ళి మొగుణ్ణి నాలుగు దులపాలో తెలియలేదు. బస్సు హారను వినిపించింది. ఆమె సంచి చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది.

నర్సింగరావు పటేలు అరుగు మీద రాజలింగం అప్పటికే కూర్చుని, లోపం లేకపోవడం ఎంత పెద్ద లోపమో వివరిస్తున్నాడు. భార్యను చూసి సగంలో ఆగిపోయాడు.

"పటేలా, ఈయన మాట వినకుండ్రి" అంది రుక్మిణమ్మ. "ఈయనకు ఇండ్ల సంగతి తెలువది."

"బతికిచ్చినవు తల్లీ!" అన్నాడు పటేలు.

"అసలు లోపం నాకెరుక." ఆమె అరుగుకు రెండో పక్కన కూర్చుంది. "ఇల్లు పెద్దగున్నది. ఈయన దుకాణానికి పోతే మాట్లాడెతందుకు మనిషి లేడు. నా మాటే నాకు తిరిగి వినబడుతున్నది. నాతోటి నేనే కొట్లాడుతున్న. మొన్న ఓడిపోయిన గూడ."

పటేలు వేపపుల్ల నోట్లోంచి తీశాడు. "అయితే ఖాళీ చెయ్యుండ్రి. ఇంజనీరు సారు కాసుకోని ఉన్నడు."

"ఎందుకు ఖాళీ చేస్తం? ఏడాది మాటిచ్చిండ్రు. మీరు మాట తప్పుతరా?"

"నర్సింగరావు మాట తప్పిండని ఎవడన్న అంటే విన్నవా?"

"వినలేదు. అందుకే రోజు పొద్దుగాల్ల ఇటొస్త. ఈయన ఆ పక్క, నేను ఈ పక్క. మంచిగ మాట్లాడుకుంట కూసుందాం."

పటేలు కుడివైపు చూశాడు, రాజలింగం. ఎడమవైపు చూశాడు, రుక్మిణమ్మ. రెండు చేతులూ జోడించాడు. "ముందర అర్రల ఎవరినన్న తెచ్చి పెట్టుకో బిడ్డా! కిరాయి గదే, మీరూ గక్కడనే ఉండుండ్రి. ఎవరినన్న సరే! వద్దంటే నేను నర్సింగరావునే గాదు!"

"టీక్యా, కమ్లీ. గార్ల అవుతల తండావాళ్ళు. పిల్ల నీళ్ళాడే దినాలు."

పటేలు నోరు తెరుచుకుంది. మాట అప్పటికే బయటికి వెళ్ళిపోయింది. తెరిచిన నోట్లో వేపపుల్ల మళ్ళీ పెట్టుకున్నాడు.

రాజలింగం ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి, "ఉన్న కాడ ఉండుకుంట గూడ ఇంకొకళ్ళకు ఇల్లిప్పియ్యొచ్చునా?" అన్నాడు.

"ఆరిండ్లు తిప్పినవు. ఒక్కసారన్న నాతోటి చెప్పినవా?"

"చెప్తే నీకు నిజంగ కోపం రాదు గద. నీ కోపం చూసే పటేండ్లంత నమ్మిండ్రు. నాకు గంత నటన యాడొస్తది?"

"మరి అందరికి నా పేరెందుకు చెప్పినవు?"

"మూటలు మోసింది నువ్వు. నీకూ ఏదన్న ముట్టాలె గద" అన్నాడు తల గోక్కుంటూ. రుక్మిణమ్మ కోపం తెచ్చుకోవాలని శతవిధాలా ప్రయత్నించింది, కుదరక నవ్వేసింది. వెళ్ళి మంగ్యాను లేపి, సామాను దింపి, బండిని బాయి దగ్గరికి పొమ్మంది.

గంటకు బండి తిరిగొచ్చింది. ఒక రేకుపెట్టె, ఒక నులకమంచం, మడతపెట్టిన తాటిపత్రీ, గంప కింద రెండు కోళ్ళు. వెనక టీక్యా, కమ్లీ మెల్లగా నడిచి వచ్చారు. గంప దింపగానే ఒక కోడి తప్పించుకుని, ఎవరినీ అడక్కుండా, నేరుగా కోమటింటి వంటగదిలోకి వెళ్ళింది.

రాజలింగం నోరు తెరిచాడు. టీక్యా బిగుసుకుపోయాడు. మంగ్యా ఎద్దుల తాడు పట్టుకుని ఆగాడు. ఎదురింటి అరుగు మీద పటేలు ఆశగా మెడ సాచాడు.

"ఏంది?" అంది రుక్మిణమ్మ, నడుం మీద చెయ్యి వేసుకుని. "ఏమన్న లోపమున్నదా?"

రాజలింగం వంటగది వైపు చూశాడు, గడప మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్న కమ్లీ వైపు చూశాడు.

"లోపమేం లేదు. పిల్లలను ఎప్పుడు తోల్కొద్దామని అడుగుతున్న. కోళ్ళను చూస్తే మస్తు సంబురపడుతరు" అన్నాడు.

రుక్మిణమ్మ మధ్యాహ్నం బస్సుకే తొర్రూరు బయలుదేరింది, పిల్లల్ని తీసుకురావడానికి.