విశ్వం గారి యాంప్‌లో లేని లోపం

2004. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు కరెంటు స్తంభాలను కూడా వదలని రోజులు. అక్కడి ఒక సందులో, మొదటి అంతస్తులో, జావా నేర్పే ఇన్‌స్టిట్యూట్ పక్కగది నా షాపు. యాంప్లిఫయర్లు, గిటార్ పెడళ్ళు బాగుచేసేవాణ్ణి. మాది సిరిసిల్ల. మా నాయిన మరమగ్గాల మీద పనిచేసేవాడు. నాకు బట్ట మీద కంటే మగ్గం మోటారు మీదే మనసు. రేడియోలతో మొదలుపెట్టి, ఊరేగింపుల మైకుసెట్ల మీదుగా, చివరికి గిటార్ యాంపుల దగ్గర ఆగాను.

అప్పుడు పనికి కరువు లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరినవాళ్ళు రెండో మూడో నెలకే ఎలక్ట్రిక్ గిటార్ కొనేవారు. ఆఫీసుకో బ్యాండు ఉండేది. అందరూ అడిగేది ఒకటే, "అన్నా, టోన్ సెట్ చేసి ఇయ్యవా?"

టోన్ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఎలక్ట్రిక్ గిటార్ తీగ నుంచి వచ్చేది చాలా చిన్న కరెంటు. దాన్ని పెద్దది చేసి స్పీకర్‌కి పంపేది యాంప్. పాతకాలం వాల్వు రేడియోలో వెలిగే గాజు గొట్టాల్లాంటివి ఉంటే అది ట్యూబ్ యాంప్. పెడల్ అంటే గిటార్‌కీ యాంప్‌కీ మధ్య నేల మీద పెట్టి, కాలితో నొక్కే ఇనుప డబ్బా. ఓవర్‌డ్రైవ్ అనే పెడల్ శబ్దాన్ని యాంప్‌లోకి గట్టిగా తోస్తుంది. ట్యూబులు ఆ తోపు తట్టుకోలేక, శబ్దాన్ని కొంచెం గరుకుగా, కొంచెం చిక్కగా చేస్తాయి. పెడల్ ఎంత తొయ్యాలి, యాంప్ ఎంత పలకాలి అన్న ఆ లెక్క కుదిరితేనే మంచి టోన్. ఎక్కువ తోస్తే రొద. తక్కువైతే చప్పదనం.

ఆ లెక్క నాకంటే బాగా తెలిసిన మనిషి విశ్వం గారు. కాకినాడ నుంచి చిన్నప్పుడే వచ్చి, శ్రీనగర్ కాలనీలో ఉంటూ సినిమా రికార్డింగులకు గిటార్ వాయించేవారు. యాభై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. ఆయన యాంప్‌ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవారు. సాయంత్రాలు పంజాగుట్టలో పాఠాలు చెప్పేవారు. నా దగ్గరికొచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళలో సగంమంది ఆయన శిష్యులే.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక ఒకరోజు యాంప్ తెచ్చారు.

"గంగాధర్ గారూ, దీనికేదో అయిందండీ. మీద దుప్పటి కప్పినట్టు మూలుగుతోంది."

ట్యూబులు పాతబడితే అలా అవుతుంది. మార్చాను. ఆయన వాయించి చూసి, "కొంచెం నయం" అని తీసుకెళ్ళారు. ఆ "కొంచెం" నాకు నచ్చలేదు. నా చెవికి ఆ యాంప్ గంటలా పలుకుతోంది మరి.

మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చారు. "ఇంకా మబ్బుగానే ఉందండీ. తీగ మీద గోరు తగిలిన చప్పుడు వినపడాలి నాకు. అది పోయింది."

విప్పి చూస్తే ఏ లోపమూ కనపడలేదు. అయినా ఆయనంతటి మనిషి అడుగుతున్నారు. వాల్యూమ్ నాబ్ వెనక చిన్న కెపాసిటర్ ఒకటి టంకం వేశాను. సన్నని శబ్దాలను, అంటే ట్రెబుల్‌ని, పైకి లేపుతుందది. పెడల్ మీద టోన్ నాబ్‌ని కూడా ఆయనే కుడివైపు చివరిదాకా తిప్పారు. వాయించారు. ఆ శబ్దం నా చెవిలో సూదిలా దిగింది. పక్కగదిలో జావా సార్ తలుపు తీసి ఒకసారి చూసి, మళ్ళీ వేసుకున్నాడు.

"హా! ఇదండీ!" అన్నారు విశ్వం గారు. ముఖం వెలిగిపోయింది.

అంత వెలిగిన ముఖం చూశాక, గుచ్చుకుంటోందని చెప్పడానికి నోరు రాలేదు. పెద్ద కళాకారుల అభిరుచి మనకేం తెలుసు అనుకున్నాను.

పదిరోజులకు ఒక మధ్యాహ్నం ఆయన భార్య లలిత గారు ఒక్కరే వచ్చారు. అంతకుముందు ఆమెను చూడలేదు. మెట్లెక్కిన ఆయాసంలోనే అడిగారు.

"మీరేనా అండీ గంగాధర్ గారు? మా ఆయన యాంప్ చేసింది?"

"అవును మేడం. కూర్చోండ్రి. ఏమైంది?"

"నిన్న రికార్డింగులో ఆయన్ని మధ్యలో ఆపేశారండీ. చెవులు చిల్లులు పడుతున్నాయని సౌండు తగ్గించమన్నారట. ఈయన తగ్గించనన్నారు. ఇలాగే ఉండాలన్నారు. ఇంకొకర్ని పిలిపించి వాయించుకున్నారు." కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "ఇరవై ఏళ్ళుగా ఆయన మాట కాదన్నవాళ్ళు లేరక్కడ. ఇంటికొచ్చి అన్నం తినలేదు. యాంప్ బాగానే ఉంది, వాళ్ళకే తెలీట్లేదు అంటారు. నిజం చెప్పండి. ఆ పెట్టెలో ఏముంది?"

ఆ కెపాసిటర్ నేను పెట్టిందే. ఆమెతో ఆ మాట అనలేకపోయాను. "రేపు సార్‌ని, యాంప్‌ని తోలుకొని రాండ్రి మేడం. మీటర్ పెట్టి చూస్త" అన్నాను.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. ఇన్‌స్టిట్యూట్‌కి భోజనాల విరామం. ఆయన కుర్చీలో గంభీరంగా కూర్చున్నారు. ఆమె తలుపు దగ్గర నిలబడ్డారు. ముందు ఆ కెపాసిటర్ తీసేసి, యాంప్‌కి సిగ్నల్ జనరేటర్ తగిలించాను. అది ఈల లాంటి శబ్దాన్ని కింద నుంచి పైదాకా ఒక్కొక్క మెట్టుగా పంపుతుంది. పక్కన స్కోపు ఉంటుంది, చిన్న టీవీ లాంటిది. శబ్దం ఉన్నంతసేపూ దాని తెర మీద ఆకుపచ్చ అల ఆడుతుంది. యాంప్ ఎక్కడ నీరసపడుతోందో అలా దొరుకుతుంది.

కింది శబ్దాలు బాగానే పలికాయి. ఆయన తలూపుతూ వింటున్నారు. పైకి వెళ్ళేకొద్దీ ఈల సన్నబడింది. ఇంకొంచెం పెంచాను. లలిత గారు చెవులు మూసుకున్నారు. నాకూ పళ్ళు పులిశాయి.

"ఆపేశారేం?" అన్నారు విశ్వం గారు.

నా చెయ్యి నాబ్ మీదే ఉండిపోయింది. ఈల గది నిండా మోగుతోంది. ఆయన నా ముఖం చూశారు. వెనక్కి తిరిగి, చెవులు మూసుకున్న భార్యను చూశారు. తర్వాత స్కోపు వైపు చూశారు. ఆకుపచ్చ అల ఆడుతూనే ఉంది.

స్విచ్ ఆపాను.

"మోగుతోందన్నమాట" అన్నారు ఆయన నెమ్మదిగా.

లలిత గారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "పదండి. ముందు డాక్టర్‌కి చూపిద్దాం" అన్నారు. యాంప్ నా దగ్గరే వదిలి వెళ్ళారు.

పంజాగుట్టలో చెవుల డాక్టర్ పరీక్ష చేసి చెప్పిందేమిటంటే, ఏళ్ళ తరబడి పెద్ద శబ్దాల పక్కన కూర్చోవడం వల్ల పైస్థాయి శబ్దాలు రెండు చెవుల్లోనూ పోయాయి. తిరిగి రావు. మామూలు మాటలు, కింది స్వరాలు బాగానే వినపడతాయి. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఈ సంగతి లలిత గారు ఫోన్‌లో చెప్పారు. ఆ తర్వాత నెలరోజులు ఆయన జాడ లేదు. పంజాగుట్ట పాఠాలు కూడా ఆపేశారని శిష్యులు చెప్పారు.

రోజూ ఆ యాంప్ ఎదురుగా కనపడేది. తుడిచి, గుడ్డ కప్పి పెట్టేవాణ్ణి.

ఒకరోజు ఆయనే వచ్చారు. పెడళ్ళున్న సంచీ బల్ల మీద పెట్టారు.

"ఇవి కూడా ఉంచండి. బాగా నేర్చుకునే పిల్లలెవరైనా ఉంటే ఇచ్చేయండి. నాకు వినపడని దాన్ని నేనెలా దిద్దుతానండీ?"

ఇక దాచలేకపోయాను. "సార్, ఒక మాట చెప్పాలె. రెండోసారి మీరు వచ్చినప్పుడు నేను చేసిన పని తప్పు. ఆ సౌండు నా చెవుల గుచ్చుకున్నది. నాకు తెల్సి సుత చెప్పలే. చెప్పి ఉంటే స్టూడియోల మీరు ఆ మాట పడకపోదురు."

ఆయన ఒక్క నిమిషం కిటికీలోంచి బయటికి చూశారు. "నేనడిగాను, మీరు చేశారు. నా ముఖం మీద చెప్పడం ఎవరికైనా కష్టమేలెండి" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

"ఒక్క ఆదివారం నాకియ్యండ్రి సార్. మేడంని సుత తీస్కొని రాండ్రి. అయినా కుదరకపోతే అప్పుడు ఎవరికంటే వాళ్ళకు ఇద్దాం."

ఎందుకో ఒప్పుకున్నారు.

నేను ఆలోచించింది ఇది. ఆయనకు పోయింది పైభాగం మాత్రమే. కింద, మధ్యన ఉన్న స్వరాలన్నీ ఉన్నాయి. పైగా మంచి ట్యూబ్ యాంప్ చేతికి కూడా తెలుస్తుంది. గట్టిగా మీటితే ఒక్క క్షణం ఒదిగి, మళ్ళీ ఉబికి లేస్తుంది. అది చెవి కంటే ముందు వేళ్ళకు అందుతుంది. కాబట్టి టోన్‌ని మధ్యస్వరాల మీద కట్టాలి. ఘాటుకి మాత్రం ఎక్కడో ఒక హద్దు పెట్టాలి. ఆ హద్దు ఎక్కడో చెప్పడానికి ఆయన్ని ఇష్టంగా వినే చెవులు కావాలి.

ఆదివారం ఇన్‌స్టిట్యూట్‌కి సెలవు. పదింటికే వచ్చారు ఇద్దరూ. లలిత గారు బెదిరిపోయారు. "నాకు ఈ ట్రెబుల్, గిబుల్ ఏమీ తెలీదండీ. వంటింట్లోంచి వినడమే."

"మీకెట్ల అనిపిస్తే గట్ల చెప్పుండ్రి అక్కా. పేర్లు నేను పెట్టుకుంట."

అక్క అన్న మాట దానంతటదే వచ్చింది. ఆమె నవ్వి, కుర్చీ లాక్కున్నారు.

పెడల్ తోపు బాగా తగ్గించి, యాంప్‌నే పెంచాను. శబ్దం ట్యూబుల్లోనే చిక్కబడాలని. ఆయన వాయించారు.

"పచ్చిమిరపకాయ కొరికినట్టుంది" అంది అక్క.

పెడల్ మీద టోన్ నాబ్ ఎడమకు తిప్పాను.

"ఇప్పుడు మరీ ఉప్పు మరిచిన పప్పులా ఉంది."

యాంప్‌లో మధ్యస్వరాలు లేపాను. ఆయన మళ్ళీ మీటారు. ఈసారి ఆయనే తల పైకెత్తారు. "ఇది... ఇది వేళ్ళకి తెలుస్తోందండీ" అన్నారు. అక్క మాత్రం ఇంకా తృప్తిపడలేదు. "చివర్లో తాలింపు మాడినట్టు ఏదో వస్తోంది. కొంచెం తగ్గించండి." తగ్గించాను. "ఇంకొంచెం. ఆ, అక్కడ. పులుసు మరిగి దగ్గరపడ్డట్టుంది."

విశ్వం గారు వాయించడం ఆపి ఆమెను చూస్తూ ఉండిపోయారు. "ముప్ఫై ఏళ్ళుగా ఇంత వింటున్నావా నువ్వు?"

"మీరెప్పుడు అడిగారు?" అందామె.

నేను టంకం కడ్డీ వెతుక్కుంటున్నట్టు వెనక్కి తిరిగాను.

మధ్యాహ్నానికి పని తేలింది. అక్క "చాలు" అన్నచోటికి మించి పోకుండా పెడల్ టోన్ నాబ్‌కి లోపల కరెంటుకు అడ్డుపడే చిన్న రెసిస్టర్ ఒకటి కట్టాను. ఇక దాన్ని కుడివైపు చివరిదాకా తిప్పినా ఘాటు ఆ గీత దాటదు. యాంప్ ట్రెబుల్‌కి కూడా అదే పని చేశాను. పరీక్షించడానికి ఆయన అన్ని నాబులూ పూర్తిగా తిప్పి, ఓ పాత రాగం వాయించారు. కింద టిఫిన్ సెంటర్‌లో ప్లేట్ల చప్పుడు కాసేపు ఆగింది. అక్క చెవులు మూసుకోలేదు. కళ్ళు మూసుకుంది.

అంతా మునుపటిలా అయిపోయిందని చెప్పను. సినిమా రికార్డింగుల పిలుపులు తగ్గిపోయాయి. ఆయన కూడా వాటి కోసం ఎదురుచూడటం మానేశారు. పాఠాలు మళ్ళీ మొదలుపెట్టారు. మొదటి రోజే శిష్యులకు తన చెవుల సంగతి చెప్పేశారట. "నాకు పైన వినపడదర్రా. గుచ్చుకుంటే మొహమాటపడకుండా చెప్పండి" అని. అందరినీ చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు పెట్టుకునే వాయించమనేవారు.

ఆ చలికాలంలో బేగంపేట హోటల్లో ఒక కంపెనీ వేడుక జరిగింది. శిష్యుల బ్యాండుతో పాటు ఆయనా ఎక్కారు. నన్నూ పిలిచారు. లలితక్క పక్కన కూర్చున్నాను. ఆయన ఒక్కరే వాయించే ఘట్టం వచ్చింది. సందడిగా ఉన్న హాలు కొద్దికొద్దిగా సద్దుమణిగింది. బల్లల దగ్గర ఫలహారాలు పంచుతున్నవాళ్ళు కూడా నిలబడి విన్నారు. వాయించడం అయ్యాక చప్పట్ల మధ్య ఆయన ఎవరినీ చూడలేదు. నేరుగా అక్క వైపు చూసి, ఎలా ఉంది అన్నట్టు కనుబొమలెగరేశారు. ఆమె తలూపింది. అప్పుడు నవ్వారు.

నేనూ ఆ ఏడాదే చెవుల పరీక్ష చేయించుకున్నాను. ఎడమ చెవిలో కొంచెం పోయింది. అప్పటినుంచి జాగ్రత్తగా ఉంటున్నాను.

ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. మునుపు పెట్టె తీసుకుని, మనిషిని పంపించి, విప్పేవాణ్ణి. ఇప్పుడు ముందు వాయించమంటాను. ఒకే ఫిర్యాదుతో రెండోసారి వస్తే, ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారని అడుగుతాను. నా చెవికి తగిలింది తగిలినట్టు చెప్తాను, ఎదుట ఎంత పెద్దవాళ్ళున్నా సరే. కొందరికి కోపం వస్తుంది. "నీకెందుకన్నా, అడిగింది చెయ్యి" అంటారు.

చేస్తాను. కానీ చెప్పి చేస్తాను.